నాన్న వేసిన పాయింటు మీద రైలు పడిపోతోంది, ఆయనకు చెప్పాలా?

అమెరికాలోని ఒహాయో నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు, ఊరూ వద్దన్నారు. ఆరు పేజీలు రాశారు కాబట్టి కుదించి చెబుతాను.

ఆయనకు 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగారు. నాన్న పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమన్ అయి, గ్యాంగుకు పెద్దగా ఉండే మేట్‌గా రిటైరయ్యారు. 36 ఏళ్లు పట్టాల మీదే గడిచాయి. కొడుక్కి ఆ పిచ్చి ఇంకో రకంగా అంటుకుంది. ఇంటి బేస్‌మెంట్‌లో పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు బల్ల కట్టుకుని, హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు రైలుకు 87వ వంతు సైజులో, ఒక అమెరికన్ గూడ్స్ లైను వేద్దామని మొదలుపెట్టారు. వంచితే వంగే రెడీమేడ్ ఫ్లెక్స్ ట్రాకు, అయిదు రెడీమేడ్ టర్నౌట్లు (ఒక లైను రెండుగా చీలే చోట వేసేవి, మన మాటలో పాయింట్లు) కొని అట్టపెట్టెల్లోనే ఉంచుకున్నారు.

మే నెలలో అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. నాన్నకు తోచట్లేదని ఒకరోజు కిందికి తీసుకెళ్లి చూపించారు. ఆయన ఫ్లెక్స్ ట్రాకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది పట్టా కాదురా, ప్లాస్టిక్ నిచ్చెన" అన్నారట. వారం తిరిగేసరికి కర్ర స్లీపర్లు, విడి పట్టా, అగ్గిపుల్ల తలకంటే చిన్న మేకులు తెప్పించుకున్నారు. కాగితం మీద అచ్చేసిన టెంప్లేటు పరుచుకుని సొంతంగా వేయడం మొదలుపెట్టారు. పదకొండు వారాలు గడిచాయి. ఒక టర్నౌటు, నాలుగడుగుల లైను తయారయ్యాయి. ఇంకా నాలుగు టర్నౌట్లు మిగిలాయి. తిరుగు ప్రయాణం ఏడు వారాల్లో ఉంది.

ఇంట్లో ఎవరి బాధ వాళ్లది. ఆరేళ్ల కొడుకు రోజూ స్కూలు నుంచి రాగానే "తాతా, రైలు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతాడు. ఈయన అమ్మగారు పైన ఒక్కరే కూర్చుని "అక్కడా పట్టాలే, ఇక్కడా పట్టాలేనా" అంటారు. సోల్డరింగ్ పొగ పైదాకా వస్తోందని భార్య గొడవ. ఇక ఈయనకు "ఎవర్రా ఇక్కడ గేజు చూసింది?", "సుత్తి అలాగేనా పట్టుకునేది?" అని అక్షింతలు. "నా బేస్‌మెంట్‌లో నేనే గ్యాంగ్‌మన్‌నయ్యాను" అని రాశారు.

అసలు సంగతి నాలుగో పేజీలో ఉంది. అందరూ పడుకున్నాక, రాత్రి పదకొండు దాటాక ఈయన కిందికి దిగి నాన్న వేసిన పాయింటు మీద రైలు నడిపి చూస్తారు. ఇంజిన్ దాటిపోతుంది. వెనకాల వ్యాగన్లు మాత్రం పదిసార్లకు ఆరేడుసార్లు క్రాసింగ్ దగ్గర, అంటే రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, ఎగిరి పడతాయి. పొద్దున్నే నాన్న ఒక వ్యాగన్‌ని వేలితో నెమ్మదిగా తోసి "చూశావా, వెన్నలా పోయింది" అంటారు. ఈయన తలూపుతారు. ఇంతవరకు చెప్పలేదు.

"ఆయన వెళ్లేదాకా ఆగి, తర్వాత పీకేసి రెడీమేడ్‌వి వేసుకోనా? లేక ఇప్పుడే చెప్పి ఆయన మనసు కష్టపెట్టనా?" ఇదీ ప్రశ్న.

ముందు పాయింటు సంగతి చూద్దాం, మనసుల సంగతి తర్వాత. మీకు తెలియకుండానే ఉత్తరంలో కారణం కూడా రాసేశారు. నాన్నగారు క్రాసింగ్ దగ్గర చక్రం అంచు దూరిపోయే సందు ఎంత పెట్టారో చెబుతూ, "మన బ్రాడ్‌గేజ్‌లో చెక్ రైలు సందు 44 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే అర మిల్లీమీటరు, చక్రం అందులో పట్టట్లేదు కాబట్టి 0.8కి ఒప్పుకున్నా" అన్నారని రాశారు కదా. రైలు పడిపోయేది అక్కడే. చెక్ రైలు అంటే చక్రం దారి తప్పకుండా పట్టాకు లోపలివైపు కొంచెం ఎడంగా వేసే చిన్న పట్టా. వింగ్ రైలు అంటే క్రాసింగ్ ముక్కు పక్కన వంగి ఉండే పట్టా.

కాగితం, పెన్సిల్ తీసుకుని నాన్నగారి ముందు కూర్చుంటే ఆయనే ఈ లెక్క చేస్తారు. బ్రాడ్‌గేజ్‌లో గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. ఒక పక్క చెక్ రైలు సందు 44, రెండో పక్క వింగ్ రైలు సందు 44 తీసేస్తే మిగిలేది 1588. చక్రాల జతలో ఒక చక్రం వీపు నుంచి రెండో చక్రం వీపుకు దూరం 1600. అంటే చెక్ రైలు, వింగ్ రైలు రెండిటినీ చక్రాలు అటూ ఇటూ దాటుకుని, ఇంకా 12 మిల్లీమీటర్ల వెసులుబాటుతో పోతాయి. ఇప్పుడు మీ బల్ల మీది లెక్క చూడండి. గేజు 16.5. రెండు పక్కలా 0.8 చొప్పున తీసేస్తే 14.9 మిగిలింది. మీ వ్యాగన్ల చక్రాల వీపుల మధ్య దూరం సుమారు 14.4. పద్నాలుగున్నర కూడా లేని చక్రాల జత పద్నాలుగు పాయింట్ తొమ్మిదిని ఎలా దాటుతుంది? మధ్యలో బిగుసుకుని, ఎటూ పోలేక పైకి లేస్తుంది. ఇంజిన్ బరువుకు ఎలాగో తోసుకుపోతుంది. నాన్నగారు వేలితో తోసినప్పుడు వేలి బరువు పైనుంచి పడుతుంది కాబట్టి అదీ పోతుంది. వట్టి వ్యాగన్‌కు ఆ బరువు లేదు, అందుకే పడిపోతోంది.

అంటే నాన్నగారి చేతిపనిలో తప్పు లేదు. ఆయన అసలు రైలు కొలతను నిజాయితీగా కుదించారు, కానీ బొమ్మ రైలు చక్రాన్ని ఎవరూ అంత నిజాయితీగా కుదించలేదు. 87వ వంతుకు కుదిస్తే చక్రం మందం మిల్లీమీటరున్నర చిల్లర ఉండాలి. మార్కెట్లో మామూలుగా దొరికే హెచ్‌ఓ చక్రం దాదాపు 2.8 మిల్లీమీటర్లు. దాని ఫ్లాంజ్, అంటే పట్టా లోపలికి దిగే అంచు, కూడా ఆ పాళ్లలోనే లావు. అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్లు 1935లోనే నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకుని, ఎవరి ఇంజిన్ అయినా ఎవరి పట్టా మీదైనా నడవాలని కొలతలు రాసుకున్నారు. ఆ లెక్క ప్రకారం హెచ్‌ఓలో ఈ సందు మిల్లీమీటరుకూ మిల్లీమీటరుంపావుకూ మధ్య ఉండాలి. చూడటానికి కాలవలా ఉంటుంది, నిజమే. నాన్నగారు మొహం చిట్లిస్తారు. కానీ 1.2 పెట్టి మళ్లీ లెక్క వేయించండి. 16.5లోంచి 2.4 పోతే 14.1. చక్రం 14.4. ఇప్పుడు దాటుతుంది.

ఆ సంఘమే ఈ కొలతలు చూసుకోవడానికి అరచేతిలో పట్టే స్టీలు రేకు ఒకటి అమ్ముతుంది, దాన్నీ గేజు అనే అంటారు. చవకే, ఇంటికే తెప్పించుకోవచ్చు. దాని ఒక అంచున రెండు పళ్లు ఉంటాయి. వాటిని పట్టాల మధ్య దింపితే గేజు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. ఇంకో వైపు పళ్లు క్రాసింగ్ సందులోకి, చెక్ రైలు సందులోకి దిగాలి. దిగకపోతే సందు ఇరుకన్నట్టు. పక్కనున్న గాళ్లలో చక్రాల జతను కూర్చోబెట్టి అదీ చూడవచ్చు. మొదట చక్రాలే చూడండి. కొత్త వ్యాగన్లలో కూడా ప్లాస్టిక్ చక్రాలు ఇరుసు మీద కొంచెం లోపలికో బయటికో జరిగి ఉంటాయి. చక్రం తప్పుకు పట్టాని తిట్టడం ఈ సరదాలో అందరం చేసే పనే.

నాకూ ఈ పిచ్చి ఉంది కాబట్టి చెబుతున్నాను. నేను చేత్తో వేసిన మొదటి టర్నౌటు ఇప్పుడు నా టేబుల్ మీద పేపర్ వెయిట్. రెండోది పనిచేసింది. మీ నాన్నగారి మొదటిది పేపర్ వెయిట్ అవ్వాల్సిన పనిలేదు. చెక్ రైలు మేకులు నాలుగు పీకి, అర మిల్లీమీటరు కూడా కాదు, 0.4 జరిపి మళ్లీ కొడితే సరి. వింగ్ రైలు దగ్గర సోల్డర్ కరిగించి జరపొచ్చు, లేదా సన్నటి హ్యాక్‌సా బ్లేడు ఆ సందులో నాలుగుసార్లు ఆడించి, సూది ఆకురాయితో నున్నగా చేయొచ్చు. ప్రతి రెండు నిమిషాలకూ గేజు దింపి చూడాలి, ఎక్కువ తీస్తే చక్రం నేరుగా క్రాసింగ్ ముక్కుకు కొట్టుకుంటుంది. ఒక పూట పని. సందు తేడా వస్తే రెడీమేడ్‌కంటే చేత్తో వేసినదాన్ని సరిచేసుకోవడం తేలిక. ఈ మాట నాన్నగారి చెవిన వేయండి, ఆయనకు నచ్చుతుంది.

ఇక చెప్పాలా వద్దా అన్న సంగతి.

మీ నాన్నగారు కీమన్‌గా ఎన్నేళ్లు చేశారో రాయలేదు. కానీ కీమన్ ఉద్యోగం ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. పొద్దున్నే సుత్తి, స్పానర్, ఎర్రజెండా పట్టుకుని బీటంతా నడవాలి. వదులైన చోట బిగించాలి, బిగించడానికి వీలుకాని లోపం కనపడితే బండి ఆపి అయినా పైవాళ్లకు చెప్పాలి. అది చూసి చెప్పకపోవడం ఆ ఉద్యోగంలో పెద్ద తప్పు. అలాంటి మనిషి వేసిన లైను మీద మీరు రాత్రిపూట లోపం కనిపెట్టి, పొద్దున ఆయన ముందు తలూపుతున్నారు. మీ దృష్టిలో అది మర్యాద. రేపు ఆయనకు తెలిస్తే ఆయన దృష్టిలో అది ఏమిటి? "నేను తట్టుకోలేనని అనుకున్నావా" అనడం ఒకటి. "లోపం చూసి దాస్తావా" అనడం రెండోది. రెండోదే ఎక్కువ కాలం ఉంటుంది.

ఆయన వెళ్లాక పీకేస్తానన్నారు. అది చేయవచ్చు, చట్టం ఏమీ అడ్డం రాదు. కానీ జరిగేది చూడండి. ఆదివారం వాట్సాప్ వీడియోలో మొదటి అయిదు నిమిషాలు మనవడు, తర్వాత "ఫోను కిందికి తీసుకెళ్లు, మన పాయింటు చూపించు" అంటారు. అప్పుడు కెమెరా పాడైందని ఎన్ని ఆదివారాలు చెబుతారు? పైగా మీ ఇంట్లో ఆరేళ్ల సాక్షి ఒకడున్నాడు. వాడు మొదటి వారంలోనే "తాతా, నాన్న నీ పట్టాలు తీసేశాడు" అని చెప్పేస్తాడు. మీరు రాసిన రెండు దారుల్లో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. మిగతావన్నీ మీ ఇష్టం, వాటి లాభనష్టాలు చెబుతాను.

మొదటి దారి, ఇప్పుడే చెప్పేసి, "ఇక టైం లేదు నాన్నా, మిగతావి రెడీమేడ్ వేద్దాం" అనవచ్చు. పెట్టెల్లో అయిదూ ఉన్నాయి కాబట్టి రెండు వారాంతాల్లో రైలు గుండ్రంగా తిరిగే లూపు పూర్తవుతుంది, మనవడి చేతికి కంట్రోలర్ వస్తుంది. నష్టం ఏమిటంటే చివరి అయిదు వారాలు నాన్నగారు పైన అమ్మగారి పక్కన కూర్చుని సీరియల్ చూస్తారు. అమ్మగారికి అది లాభమే కావచ్చు, ఆమెను అడగండి. నేను వేళాకోళంగా అనట్లేదు. ఉత్తరం మొత్తంలో ఆమెది ఒకే ఒక్క వాక్యం ఉంది, అందులో చాలా ఉంది. ఏ నిర్ణయం తీసుకున్నా వారానికి మూడు సాయంత్రాలు బేస్‌మెంట్‌కు తాళం వేయండి.

రెండో దారి కలిపి వేయడం. వెనకాల గోడవైపు, కొండ కిందికి పోయే లైన్లు, ఎవరికీ కనపడనివన్నీ ఫ్లెక్స్ ట్రాకుతో, రెడీమేడ్ టర్నౌట్లతో వేసేయండి. ముందువైపు, మనిషి నిలబడి ఒంగి చూసే చోట, నాన్నగారి లైను ఉంచండి. చేతి పట్టా వేసేవాళ్లలో చాలామంది చేసేది ఇదే, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త. రెండూ కలిసే చోట ఎత్తు చూసుకోవాలి. మీ ఫ్లెక్స్ ట్రాకు కోడ్ 83 అన్నారు, అంటే పట్టా ఎత్తు అంగుళంలో వెయ్యింటికి 83 వంతులు, మన లెక్కలో 2.1 మిల్లీమీటర్లు. నాన్నగారు తెప్పించుకున్నదీ అదే అయితే స్లీపర్ల మందం తేడా ఒక్కటే చూసుకుని కింద పలచటి అట్ట ముక్క వేస్తే సరిపోతుంది. ఆయన కోడ్ 70 కొని ఉంటే పట్టా ఎత్తులోనే మూడోవంతు మిల్లీమీటరు మెట్టు వస్తుంది. అక్కడ పట్టా తలలు ఒకే మట్టానికి తెచ్చి సోల్డర్ చేయాలి. అది నాన్నగారికి అప్పగించండి, రెండు సెక్షన్ల పట్టా కలపడం ఆయనకు కొత్తేమీ కాదు.

కనపడే చోట ఆయన స్లీపర్లు అమెరికన్ లైనుకు మరీ దూరందూరంగా ఉన్నాయని మీరు రాశారు. అదీ నిజమే. ఆయన మన లెక్కన కిలోమీటరుకు 1660 వేశారు, అంటే అరవై సెంటీమీటర్లకు ఒకటి, బల్ల మీద దాదాపు ఏడు మిల్లీమీటర్లు. అమెరికా కర్ర స్లీపర్ల మెయిన్ లైను సుమారు యాభై సెంటీమీటర్లకు ఒకటి, అంటే మీ బల్ల మీద ఆరుకు కొంచెం తక్కువ. దీన్ని వదిలేయండి. పక్క లైను అని చెప్పుకుంటే పోయింది, సైడింగ్‌లో స్లీపర్లు ఎడంగా ఉండటం అక్కడా మామూలే.

మూడో దారి నాకు ఎక్కువ ఇష్టం, అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను, మీరు తగ్గించుకుని వినండి. లూపు సంగతి పక్కన పెట్టండి. ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే ఆయన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అని ఒక చిన్న షంటింగ్ పజిల్, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరస కూర్చే ఆట, తయారుచేశారు. దానికి కావలసినవి రెండే రెండు టర్నౌట్లు, మూడు సైడింగులు. ఒక సైడింగులో అయిదు వ్యాగన్లు, మిగతా రెండిటిలో మూడేసి పడతాయి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. ఎనిమిది చీట్లు డబ్బాలో వేసి అయిదు తీయాలి. ఆ అయిదు వ్యాగన్లను అదే వరసలో కూర్చి రైలు తయారుచేయాలి. వరసలు 6720 వస్తాయి, కాబట్టి పిల్లవాడికి విసుగు పుట్టదు. ఒక టర్నౌటు ఆల్రెడీ ఉంది. రెండోది ఏడు వారాల్లో ఖాయంగా అవుతుంది, మొదటిదానికి పట్టిన టైం రెండోదానికి ఎవరికీ పట్టదు. ఆరడుగుల పలక సరిపోతుంది, మీ బల్ల ముందువైపు అంచునే వేసుకోవచ్చు, తర్వాత దాన్నే మీ పెద్ద లేఅవుట్‌లో గూడ్స్ యార్డు చేసుకోవచ్చు. తాత షంటింగ్ మాస్టర్, మనవడు డ్రైవర్. లూపులో రైలు గుండ్రంగా తిరుగుతుంటే పిల్లలు పది నిమిషాలు చూస్తారు. షంటింగ్ అయితే వాడి బుర్రకూ పని ఉంటుంది. దీని నష్టం ఏమిటంటే, మీరు కలగన్న పొడుగాటి గూడ్స్ రైలు ఈ ఏడాది నడవదు. అది మీకు ఎంత ముఖ్యమో మీకే తెలియాలి. ఆరు పేజీల ఉత్తరంలో నాన్నకు ఏం కావాలో, బాబుకు ఏం కావాలో, మీ ఆవిడకు ఏం వద్దో రాశారు. మీకు ఏం కావాలో రెండు లైన్లే రాశారు. అది కూడా తేల్చుకోండి.

నాలుగోది జిగ్గు. పట్టా ముక్కలు పెట్టి సోల్డర్ చేయడానికి గాళ్లు కోసిన అల్యూమినియం పలక. కెనడాలో ఫాస్ట్ ట్రాక్స్ అనే సంస్థ వీటికి పేరు. గేజు, సందు అన్నీ ఆ గాళ్లలోనే ఉంటాయి కాబట్టి లెక్క తప్పదు, చెయ్యి తిరిగాక టర్నౌటు ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. ఖరీదు వంద డాలర్లు దాటుతుంది. కానీ ఒక్కో జిగ్గుతో ఒకే రకం టర్నౌటు వస్తుంది. మీకు నంబర్ 6వి ఇంకా నాలుగు కావాలి, అంటే ఆరు పాళ్ల పొడవుకు ఒక పాలు విడిపోయేవి. నాలుగింటికీ ఒకటే జిగ్గు పనిచేస్తుంది కాబట్టి గిట్టుబాటే. నాన్నగారు దీన్ని "అచ్చు పోత" అని కొట్టిపారేయవచ్చు. బలవంతపెట్టకండి.

ఆయన అసలు సందు పెంచనే పెంచనంటే? అదీ జరగొచ్చు. అప్పుడు ఆయనది మొండితనం అనుకోకండి. ఆయనలాగే అసలు కొలతే కావాలనేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. ఇంగ్లండ్‌లో 1960ల్లోనే కొందరు ఇలా పట్టుబట్టి, హెచ్‌ఓ కంటే కొంచెం పెద్దదైన తమ స్కేల్‌లో గేజును 18.83 మిల్లీమీటర్లకు, సందులను కచ్చితమైన స్కేలుకు తెచ్చుకున్నారు, దాన్ని పీ4 అంటారు. హెచ్‌ఓలో అలాంటిదే ప్రోటో:87. కానీ ఆ పట్టా మీద సన్న చక్రాలే నడుస్తాయి, కాబట్టి మీ దగ్గరున్న ప్రతి ఇంజిన్‌కూ ప్రతి వ్యాగన్‌కూ చక్రాలు మార్చాలి. ఆ ఖర్చు, ఆ ఓపిక లెక్కేసి ఆయన ముందు పెట్టండి. 36 ఏళ్లు మెటీరియల్ లెక్కలు చూసిన మనిషి, ఆయనే వద్దంటారని నా నమ్మకం.

గ్యాంగ్‌మన్‌నయ్యానన్న మీ బాధకు మాత్రం విడిగా ఒక మాట. పాయింటు దగ్గర ఇంజిన్ ఒక్కోసారి ఆగి లైటు ఆరిపోతోందని కూడా రాశారు. అది సందు వల్ల కాదు, కరెంటు వల్ల. క్రాసింగ్ ముక్కుకు రెండు పక్కల పట్టాలూ కలుస్తాయి కాబట్టి, దాన్ని మిగతా పట్టాల నుంచి రెండువైపులా కోసి విడదీయాలి. పాయింటు ఎటు తిరిగితే అటు పోలారిటీ వెళ్లేలా, పాయింటును తిప్పే స్విచ్ మోటారు కాంటాక్టుతో కలపాలి. ఇది నాన్నగారి పని కాదు, మీది. అసలు రైల్వేలో కూడా పాయింటు ఒక్క డిపార్ట్‌మెంటుది కాదు కదా. పట్టా పర్మనెంట్ వే వాళ్లది, మోటారు, వైరు సిగ్నల్ వాళ్లది, ఇద్దరూ కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి సంతకాలు పెడతారు. మీరు ఈ బేస్‌మెంట్‌కు సిగ్నల్ డిపార్ట్‌మెంట్ అని ప్రకటించుకోండి. ఆయన మీ వైర్ల జోలికి రారు, సిగ్నల్ వాళ్ల పెట్టె ముట్టుకోకూడదని ఆయనకు తెలుసు. ఇంకో చిన్న తమాషా. మీరు ఫ్రాగ్ అంటారు, ఆయన క్రాసింగ్ అంటారు. మీరు గార్డ్ రైల్ అంటే ఆయన చెక్ రైలు. ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టుకుని వాదించుకున్న సాయంత్రాలు మీ ఉత్తరంలో నాకు కనీసం రెండు కనపడ్డాయి. ఆయన మాటలే వాడండి, "ఫ్రాగ్ పాడైంది" అంటే ఆయనకు కప్పే గుర్తొస్తుంది.

మీ ఆవిడ చెప్పింది న్యాయం. సోల్డరింగ్‌కు వాడే ఫ్లక్స్ పొగ పీల్చేది కాదు. కిటికీలో బయటికి లాగే ఫ్యాను పెట్టండి. సోల్డర్‌లో సీసం ఉందేమో చుట్ట మీద చదవండి. ఉంటే సీసం లేనిది తెచ్చుకోండి, కొంచెం మొండిగా కరుగుతుంది, అంతే. బాబు ఆ బల్ల దగ్గర బిస్కెట్ తినకూడదు, ఇందులో బేరం లేదు. ఆయన నవంబరులో వెళ్లాక ఇంట్లో హీటరు వేస్తారు, గాలి ఎండిపోతుంది, బల్ల కర్ర కుంచించుకుంటుంది. పట్టా కుంచించుకోదు కాబట్టి పక్కకు వంగుతుంది. ఇప్పుడే అక్కడక్కడా కాగితం మందాన ఖాళీలు ఉంచమనండి. ఎండకు పట్టా వంగడం చూసిన మనిషికి ఇది వివరించక్కర్లేదు.

ఎలా చెప్పాలో మీకు తోచట్లేదన్నారు. "మీరు తప్పు వేశారు" అనే వాక్యం అవసరమే లేదు. గేజు ఆర్డర్ పెట్టండి. అది వచ్చేదాకా ఆ పాయింటు మీద రాత్రిపూట రైలు నడపకండి. అట్టముక్క గోరంత కత్తిరించి, పసుపు రంగు వేసి, పుల్లకు అంటించి, టర్నౌటుకు జానెడు ముందు కాషన్ బోర్డులా, అంటే ముందు జాగ్రత్తగా మెల్లగా వెళ్లమని డ్రైవర్‌కు చెప్పే బోర్డులా, గుచ్చండి. పొద్దున కాఫీ గ్లాసుతో కిందికి దిగిన నాన్నగారు అది చూసి, "ఈ బోర్డు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడుగుతారు. రాత్రి మీరు ఏం చూశారో అప్పుడు చెప్పండి.